ఎదురుగా కూర్చునే ఉద్యోగం

"అది అనకూడదు బాబాయ్."

"ఏది?"

"ఇప్పుడు మీరన్నది."

"నేనన్నది, కాస్త తినమ్మా అని."

"అదే. అదే అనకూడదు."

"అంటే, ఇది తిండి మానేసే జబ్బుకి ఆసుపత్రి. ఇందులో ఇది భోజనాల గది. గదిలో బల్ల. బల్ల మీద ప్లేటు. ప్లేటు ముందు మనిషి. ఆ మనిషిని మాత్రం తినమనకూడదు."

"అనకూడదు."

"మరేమనాలి నర్సమ్మా? లేచి గంతులెయ్యమ్మా అనాలా?"

"ఏమీ అనక్కర్లేదు. ఎదురుగా కూర్చోవాలి. మీ ప్లేటు మీరు తినాలి. ఆమె ప్లేటు ఆమె తింటుంది."

"తినకపోతే?"

"అరగంటయ్యాక ఎంత మిగిలిందో రాసి నాకివ్వాలి. దానికి బదులు గ్లాసుడు బలం మందు ఇస్తాం. అది నా పని."

"ఆ అరగంటా నేను గుడ్లప్పగించి చూడాలా?"

"చూడకూడదు. అంటే, చూడాలి. చూస్తున్నట్టు ఉండకూడదు."

"బాగుంది. ముప్పై ఏళ్లు క్యాంటీను నడిపాను. గుమ్మంలోకొచ్చిన వాడి ముఖం చూసి, వీడు రెండు ప్లేట్ల మనిషా, ఒక ప్లేటు మనిషా అని చెప్పేవాణ్ణి. ముఖం చూడకుండా చెప్పే విద్య ఉందని ఎవరూ నేర్పలేదు."

"అందుకే నేర్పుతున్నాను."

భోజనాల గదిలో ఆరు బల్లలు. రోగులు పై అంతస్తులో ఉన్నారు, వాళ్లు దిగడానికి ఇంకా రెండు గంటలుంది. కిటికీ పక్క బల్లకి ఒకవైపు కొత్తగా పనికొచ్చిన పెద్దాయన, రెండోవైపు రోగి వేషం కట్టిన నర్సు. మూడు పరీక్ష భోజనాల్లో ఒక్కటి నెగ్గినా ఆయనకి బల్ల దగ్గర ఉద్యోగం ఇస్తారు. ఇవాళ మూడో రోజు. రెండు పోయాయి. మూడోదానికి ముందు ఆమె పాఠం తిరగేయిస్తోంది.

"నిన్నటిది ఎందుకు పోయిందో చెప్పండి."

"నవ్వాను."

"ఎందుకు నవ్వారు?"

"నలభై ఏళ్ల మనిషి కాళ్లు ఊపుకుంటూ, రేపు నాకు లెక్కల పరీక్షుంది, నాకేమీ వద్దు పోండి అంటే ఏం చేయమంటారు?"

"నాకు ముప్పై ఎనిమిది."

"సరే, ముప్పై ఎనిమిది. జాలి పడదామనే అనుకున్నాను. అది రాకముందే నవ్వొచ్చింది."

"మొన్నటిది?"

"మొన్న మీ ప్లేటులో ఇంకో గరిటె కూర వేశాను."

"నేనడిగానా?"

"అడగలేదు. క్యాంటీన్లో అడిగినవాడికి ఎవడైనా వేస్తాడు. అడగనివాడికి వేస్తేనే పేరు."

"ఇక్కడ అలా వేస్తే ఆ మనిషి రేపు బల్ల దగ్గరికి రాదు. సరే, ఒంటి గురించి ఏమనకూడదు?"

"చిక్కిపోయావు అనకూడదు. ఒళ్లు చేశావు అనకూడదు. నిన్నటిలాగే ఉన్నావు అని కూడా అనకూడదు."

"అవును."

"మనిషి ఉండేదే ఆ మూడు రకాలు. మూడు తలుపులూ వేసేశారు."

"ముఖం?"

"ముఖంలో కళ వచ్చింది అనకూడదు."

"ఎందుకని?"

"కళ వచ్చిందంటే బరువు పెరిగావని వినపడుతుందట. మీరు చెప్పిందే."

"తిండి గురించి?"

"తిన్నావా అని అడగకూడదు. నేను చచ్చిందల్లా అక్కడే. పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురయ్యాడు. బుద్ధెరిగినప్పటి నుంచీ మనిషి కనపడితే నేనడిగేది ఆ ఒక్క మాటే. నోరు తెరిచాను. మీరు గుర్తొచ్చారు. మూశాను. ఆయన నన్ను చూస్తున్నాడు, నేనాయన్ని చూస్తున్నాను. ఏదో ఒకటి అనాలి కదా. ఆకాశం బాగుందా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"మీకేమీ కాలేదు కదా అని నన్నడిగాడు."

"వాచ్‌మన్‌ని అడగొచ్చు బాబాయ్. ఆయన రోగి కాదు."

"నోటికి ఆ తేడా తెలియదు. గేటు బయట నుంచే అలవాటు చేసుకోమన్నది మీరే."

"మరి ఏం మాట్లాడొచ్చు?"

"వాన గురించి. పిల్లుల గురించి. సినిమాల గురించి. సినిమాల్లో మళ్లీ హీరోయిన్లు వద్దు. ఇంట్లో వాళ్ల గురించి మనం అడగకూడదు, వాళ్లే చెబితే వినాలి. పెళ్లిచూపుల్లో కూర్చున్నా నయమే, అక్కడ వంట వచ్చా అని అడగనిస్తారు."

"మీకిదంతా వెటకారంగా ఉంది."

"నాకేదైనా వెటకారమే. పుట్టుకతో వచ్చింది. మందులు వాడినా తగ్గలేదు."

"మీకు ముందు ఈ పనిలో ఒకావిడ ఉండేది. చాలా మంచి మనిషి. వెటకారం అంటే ఏమిటో తెలియదు. పదిహేడేళ్ల పిల్ల ఒకతి, పదకొండు రోజులుగా వరసగా ప్లేటు పూర్తి చేస్తోంది. పన్నెండో రోజు ఈవిడ ప్రేమగా ఆ పిల్ల బుగ్గ పట్టుకుని, ఇప్పుడు మనిషిలా ఉన్నావమ్మా అంది."

"అంతేనా?"

"అంతే. ఆ పిల్ల చెంచా కింద పెట్టింది. మళ్లీ పట్టుకోవడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ముక్కులోంచి గొట్టం వేశాం. వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని ఏడిస్తే, ఈవిడ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. నేనేమన్నానమ్మా, మంచి మాటే కదా అన్నాను అని."

"గొట్టమా?"

"ఇప్పుడు నవ్వు రావడం లేదా?"

"రావడం లేదు. ఆ పిల్ల ఉందా?"

"ఉంది. నయమై ఇంటికెళ్లింది."

"అది ముందు చెప్పి, ఆ గొట్టం సంగతి తర్వాత చెప్పాల్సింది."

"మీరు భయపడాలనే ఆ వరసలో చెప్పాను."

"పడ్డాను. పరీక్ష పెట్టండి."

వంటావిడ పరీక్ష ప్లేట్లు రెండు పట్టుకొచ్చింది. ఒక్కోదాంట్లో రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు. ఆమెది పెద్దాయన ఉండే వీధే. ఈ ఆసుపత్రిలో మనుషులు కావాలని ఆయనకి చెప్పిందీ ఆమే.

"ఇంకా పాసవలేదా అన్నయ్యా?"

"నువ్వు వండింది తిని పాసైన వాడెవరో చూపించు."

"నర్సమ్మా, ఈయన్ని నాకిచ్చేయండి. మూడు రోజుల నుంచీ మొత్తుకుంటున్నాను. వందల మందికి వండిన చెయ్యి. నా పొయ్యి దగ్గర మనిషి లేక నేను చస్తుంటే, మీరిక్కడ కూర్చోబెట్టి ఆయనకి నోరు మూసుకోవడం నేర్పుతున్నారు. అది మా వదిన వల్లే కాలేదు."

"ఆవిడ మాట ఎందుకిప్పుడు?"

"ఎందుకేమిటి? పోయి పదమూడు నెలలైంది. ఆవిడకి ఏమైంది అని ఎవరడిగినా, రక్తం తక్కువన్నారు అని ఒక్క ముక్క చెప్పి తలుపేసుకుంటాడు నర్సమ్మా ఈయన. వీధిలో అందరూ ఆవిణ్ణి తలుచుకుంటారు, ఈయన తప్ప. ఆవిడ చేతి వంట తినని ఇల్లు లేదు. మా పిల్లల పరీక్షలకి రోజూ టిఫిను ఆవిడే పంపింది."

"పంపింది. ప్లేట్లు పెట్టి వెళ్లు."

"వెళ్తాను. నా మాట ఒకటే. వంటింట్లో పరీక్ష లేదు, జీతం ఎక్కువ, రేపే చేరొచ్చు. రోజంతా ఇద్దరం తిట్టుకుంటూ హాయిగా గడిపేస్తాం."

"అదే నా భయం."

"అదిగో, అలా అంటాడు. నేనేమన్నా పులినా?"

"నిజమే కదా బాబాయ్. పెద్ద డాక్టరమ్మ కూడా మీ కాగితాలు చూసి ఇదే అడిగింది. ఇంత అనుభవం ఉన్నాయన వంటింటికి రాకుండా, కుర్రవాళ్లు చేసే పనికి మూడుసార్లు పరీక్ష రాయడమేమిటి అంది. బల్ల దగ్గరే కావాలని ఎందుకు పట్టు?"

"మోకాళ్లు. పొయ్యి ముందు నిలబడలేను."

"అబద్ధం. రోజూ మూడంతస్తులెక్కి డాబా మీద బట్టలారేస్తాడు."

"నువ్వింకా ఉన్నావా?"

"ఉన్నాను. చెప్పు, నేనూ వింటాను."

"కూర్చుని తినే ఉద్యోగం ఎవడికి చేదు? జీతమిచ్చి మరీ భోజనం పెడతామంటున్నారు."

"అది జవాబు కాదు బాబాయ్."

"వండి వండి విసుగెత్తింది. ఇక తినేవాళ్లని చూద్దామని. చాలా? రొట్టె ఎండిపోతోంది, మొదలుపెట్టండి."

"రొట్టె ఎండిపోతోంది అని కూడా అనకూడదు."

"ఇంకా మొదలవలేదుగా."

"ఇదిగో, మొదలు. అరగంట. నేను పదహారేళ్ల పిల్లని. ఇది పోతే నాలుగోది లేదు, గుర్తుందా?"

"గుర్తుంది. లెక్కల పరీక్ష ఉందా ఇవాళ?"

"బాబాయ్."

"సరే, సరే."

వంటావిడ వెళ్లింది. నర్సు భుజాలు ముడుచుకుని, గుడ్డుని చెంచా కొసతో ప్లేటు అంచుకి తోసింది.

"నాకు ఆకలి లేదు."

"ఊఁ."

"పొద్దున్నదే ఇంకా అరగలేదు."

"ఊఁ. ఆ గోడ మీద పిల్లిని చూశావా? మూడు కాళ్లతో నడుస్తోంది. నాలుగోది ఎప్పుడో అవసరానికని దాచుకున్నట్టుంది."

"నా ప్లేటులో ఎక్కువ పెట్టారు. మీ రొట్టె చిన్నది."

"రెండూ ఒకటే. కావాలంటే ప్లేట్లు మార్చుకుందాం."

"వద్దు."

"సరే."

"మీరు నన్ను చూస్తున్నారు."

"పిల్లిని చూస్తున్నాను."

"మీరు అబద్ధాలు చెబుతారా?"

"చెబుతాను. పిల్లి విషయంలో చెప్పను."

"నేను పోతే మా అమ్మకి పీడా పోతుంది."

"..."

"మీరేమీ అనరా?"

"విన్నాను. ఆ మాట నర్సమ్మకి చెబుతాను. నా దగ్గర ఉంచుకోను."

"చెప్పొద్దు."

"చెబుతాను. ఇది కూడా అబద్ధం కాదు. ఆ చేతిరుమాలు బల్ల మీద పెట్టమ్మా."

"ఎందుకు? నాకు జలుబు."

"జలుబుకి కాగితం రుమాలు ఇదిగో. అది బల్ల మీద పెట్టు. మడత విప్పి."

"ఇదిగో."

"ఆ ముక్క ప్లేటులో వేసుకో. ఆ పిల్లి మళ్లీ వచ్చింది చూడు."

"ఆగండి బాబాయ్. ఒక్క క్షణం, నర్సుగా అడుగుతున్నాను. మీరు నిజంగానే కిటికీలోంచి చూస్తున్నారు. రుమాల్లో రొట్టె ఉందని ఎలా తెలిసింది?"

"మీ గడియారం బల్ల అంచుకి తగిలింది. ముద్ద నోటికెళ్లాలంటే చెయ్యి పైకి పోవాలి. కిందికి పోయింది."

"తిండి దాచే ఉపాయాలని మేం రాసుకున్న పట్టికలో అది మూడోది. కొత్తవాళ్లు నెలకి గాని పట్టుకోరు."

"ఆ దొంగల పట్టికలోనా?"

"దొంగలు అనకూడదు. దాచేది పిల్ల కాదు, జబ్బు."

"జబ్బు దొంగది అనొచ్చా?"

"అనొచ్చు. కానివ్వండి."

ఆయన ఆ తర్వాత కూడా తడబడలేదు. అరటితొక్క కింద గుడ్డు సొన దూరితే, తొక్కని నా ప్లేటులో వెయ్యమ్మా అన్నాడు. ఆమె నీళ్లు మూడోసారి అడిగితే, రెండో గ్లాసుతో సరి అన్నాడు. వానల గురించి చెప్పాడు, తాను చూసిన ఒకే ఒక్క దెయ్యం సినిమా గురించి చెప్పాడు. ఆమె ఏడుపు నటిస్తే కాగితం రుమాళ్లు ముందుకి జరిపాడు. ఆఖరి రొట్టె ముక్క ఆమె నోట్లోకి వెళ్లింది.

"అయిపోయింది."

"భేష్."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"భేష్ అన్నారు."

"అది మాట కాదు. ఊపిరి."

"పూర్తి చేస్తే మెచ్చుకోకూడదని చెప్పానా, లేదా? ఇవాళ మెచ్చుకుంటే, రేపు మిగిల్చిన రోజున మీరు నోరు విప్పకపోయినా తిట్టినట్టే. పైగా లోపల ఆ జబ్బు వింటూ ఉంటుంది. చూశావా, ఓడిపోయావు, తినేశావు, ముసలాయన సంతోషపడుతున్నాడు అంటుంది ఆ పిల్లతో."

"తెలుసు. చెప్పారు."

"ఇరవై తొమ్మిది నిమిషాలు నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉన్నవాళ్ల కంటే బాగా చేశారు."

"ముప్పయ్యో నిమిషంలో చచ్చాను."

"నాకూ బాధగానే ఉంది. వంటింటికి అని రాస్తున్నాను."

"ఇంకోసారి పెట్టండి."

"మూడే బాబాయ్."

"ఆ ‘భేష్’ తీసేస్తే మిగతాదంతా బాగానే ఉందిగా."

"ఆ పదిహేడేళ్ల పిల్ల దగ్గర కూడా ఒక్క మాట తీసేస్తే మిగతాదంతా బాగానే ఉంది."

"అయితే రాయండి."

"రాసేశాను. కోపం వచ్చిందా?"

"రాలేదు. మీ చోట నేనున్నా నన్ను వంటింటికే తోలేవాణ్ణి."

"మరెందుకు బతిమాలారు?"

"అడగడానికి పరీక్ష లేదు కదా అని."

"ఇంత కావాలా మీకు ఇది? ఎందుకో చెబితే పెద్ద డాక్టరమ్మతో మాట్లాడి చూస్తాను."

"చెప్పేదేమీ లేదు. సంతకం ఎక్కడ?"

"కాగితంలో ఇంకా ఒక గడి మిగిలింది. ఆఖర్న తారుమారు చేస్తాం. రోగి మీరు, ఎదురుగా కూర్చునే మనిషిని నేను. ఆ వైపు కూర్చుంటే వాళ్ల కష్టం తెలుస్తుందని పెద్ద డాక్టరమ్మ పెట్టింది. దీనికి పాసు, ఫెయిలు లేదు. అందరూ చేస్తారు, నవ్వుకుంటారు, పోతారు."

"వంటవాడికి కూడా కావాలా?"

"గడి ఉంది. నింపాలి. ఎలాగూ నా భోజనం వేళయింది, రెండు భోజనాలు తెప్పిస్తాను. మామూలుగా అయితే అటూ ఇటూ తిరుగుతూ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంటాను. ఇవాళ మీ పుణ్యమా అని కూర్చుని తింటాను."

వంటావిడ అన్నం, కూర, పెరుగు తెచ్చింది. కూర గిన్నె బల్ల మీదే ఉంచమని పెద్దాయన అడిగాడు. అన్నయ్య ఫెయిలయ్యాడని విని ఆమె, ఎప్పుడూ లేనిది, ఒక్క వెటకారమూ ఆడకుండా వెళ్లింది.

"ఎవరి వేషం వెయ్యాలి?"

"మీ ఇష్టం. అందరూ పదహారేళ్ల పిల్లే. వాచ్‌మన్ అయితే లేని జడలు వెనక్కి వేసుకుంటూ చేశాడు."

"నేను నలభై ఆరేళ్ల ఆడమనిషిని."

"ఆ వయసు వాళ్లు ఇక్కడికి రారు బాబాయ్."

"రారని తెలుసు."

"అంటే?"

"అంటే ఏముంది? నా ఇష్టమన్నారు. ఇల్లాల్ని. వంట బాగా వచ్చు. కట్టుకున్నవాడి నోరు మంచిది కాదు. చాలా?"

"చాలు. మొదలు. అమ్మా, రండి. కూర్చోండి."

"కూర్చుంటానండీ. ముందు మీరు కూర్చోండి, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు."

"నేను కూర్చున్నాను. మీరూ రండి."

"ఇదిగో, వచ్చేస్తున్నా. బల్ల మీద నీళ్లు లేవు. తెచ్చేసి కూర్చుంటాను."

"నీళ్లు తర్వాత చూద్దాం."

"మధ్యలో ఎక్కిళ్లొస్తే? ఇదిగోండి. మొదలుపెట్టండి, వేడిగా ఉంటేనే ఈ కూర."

"మీ ప్లేటు?"

"ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది? ఈగలు వాలకుండా మూత పెట్టాను. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. బాగుంది. మీరు కూర్చుంటే ఇద్దరం కలిసి..."

"వండుతూ రుచి చూశానండీ, రెండు ముద్దలు అలా పోయాయి. అయినా తింటాను. మీ పాదాలు అలా వాచాయేమిటి?"

"ఎప్పుడూ అంతే. పన్నెండు గంటలు నిలబడాలి కదా."

"ఇంటికెళ్లాక ఎవరైనా ఇన్ని వేడినీళ్లు కాచి ఇస్తారా?"

"ఎవరిస్తారు? మా ఆయన ఒక్కసారి కాచాడు. ఆ సంగతి మా అత్తగారికి ఫోను, మా ఆడపడుచుకి ఫోను, ఆఫీసులో పది మందికి. ఆ నీళ్ల కంటే ఆయన ఎక్కువ కాగాడు."

"మగవాళ్లు అంతే. కొంచెం కూర వేస్తాను."

"వద్దు, వద్దు. సరే, కొంచెం."

"పిల్లలా?"

"ఒక్క కూతురు. పదకొండేళ్లు. ఈ మధ్య నాతో మాట్లాడటం తగ్గించింది. ఏమడిగినా, నీకు తెలియదులే అంటుంది. అందరి పిల్లల కడుపులో మాటలూ నాకు తెలుస్తాయి, నా పిల్లదే తెలియదు."

"తెలుస్తాయి. మెల్లిగా తినండి, తొందరేముంది? అన్నం ఇంకొంచెం?"

"చాలు. నిజంగా చాలు. ఈ కూర మాత్రం... మా అమ్మ వేసేది ఇలా, పక్కన నిలబడి, అడక్కుండానే. ఎన్నాళ్లయిందో ఇలా కూర్చుని తిని."

"అందుకే అంటున్నా, నిదానంగా కానివ్వండి. పెరుగు ఇదిగో. అమ్మగారు ఉన్నారా?"

"ఉంది. మా అన్నయ్య దగ్గర. నేను ఫోను చేస్తే, తిన్నావా అని అడుగుతుంది. నేను, ఇక్కడ ఆ మాట అనకూడదమ్మా అంటాను. ఆసుపత్రికి తాళం వెయ్యి పో అంటుంది."

"సరైన మాట. చెయ్యి కడుక్కోండి. లేవకండి, నీళ్లు ఇక్కడికే తెచ్చాను. ప్లేటు నేను తీస్తాను."

"అయ్యో, అరగంట అయిపోయిందా? అయిపోయింది. ఇక వేషం చాలు బాబాయ్."

"చాలా?"

"బాగా చేశారు. నిజం చెప్పాలంటే రోగిలా చేయలేదు, మామూలు మనిషిలా చేశారు. నేనే ఎక్కువ వాగాను. ఫరవాలేదు, గడి నింపుతాను. రోగి సహకరించారు. భోజనం పూర్తి. ఇదిగో, ఇక్కడ సంతకం."

"పూర్తి అని రాశారా?"

"రాశాను."

"సరే."

వంటావిడ గిన్నెలు తీసుకెళ్లడానికి వచ్చి, గోడవారగా ఉన్న గట్టు దగ్గర ఆగింది.

"నర్సమ్మా, ఈ మూత పెట్టిన ప్లేటు ఎవరిది?"

"ఏ ప్లేటు?"

"ఇదిగో. ఎలా పెట్టానో అలాగే ఉంది. మెతుకు కదల్లేదు."

"అది... బాబాయ్, మీరు తినలేదా?"

"తర్వాత తింటానండీ."

"వేషం అయిపోయింది."

"అయిపోయిందా? అయితే తినలేదు."

"ఒక్క ముద్ద కూడా?"

"మీరే చెప్పాలి. ఎదురుగా కూర్చున్నది మీరు."

"మీరు నా ఎదురుగా కూర్చుని... లేదు. కూర్చోలేదు. మీరసలు కూర్చోనే లేదు."

"లేదు."

"అరగంట నిలబడే ఉన్నారు. నీళ్లు తెచ్చారు, కూర వేశారు. మీ ప్లేటు గట్టు మీదికి ఎప్పుడు పోయింది?"

"మీ ఆయన నీళ్లు కాచినప్పుడు."

"నేను పూర్తి అని రాశాను."

"గుండ్రంగా రాశారు. చక్కటి దస్తూరి."

"నవ్వకండి బాబాయ్. రుమాలు పట్టుకుంటాను, చొక్కా చేతి మడతలో దాచింది పట్టుకుంటాను, చెంపలో దాచిన ముద్ద పట్టుకుంటాను. తొమ్మిదేళ్లు. ఇది ఎలా..."

"నేను నవ్వడం లేదు."

"నా కాళ్ల గురించి అడిగారు. నా కూతురి గురించి అడిగారు. నాకు... నాకు బాగుంది. ఇంకా కాసేపు అడిగితే బాగుండనిపించింది. మీ ప్లేటు సంగతే మరిచిపోయాను."

"అంతే మరి. బాగున్నవాడికి ఎదుటి ప్లేటు ఎందుకు?"

"అన్నయ్యా, ఏమైంది? నర్సమ్మ ఎందుకలా అయిపోయింది?"

"నువ్వు గిన్నెలు తీసుకెళ్లు."

"ఉండు వంటమ్మా. బాబాయ్, మా పట్టికలో పద్నాలుగు ఉన్నాయి. ఎన్నో ఆసుపత్రుల నుంచి తెచ్చి రాశాం. ఇది లేదు."

"పదిహేను అని వేసి రాసుకోండి. నిలబడి వడ్డించుట."

"వంటింటికి అని రాసింది కొట్టేస్తున్నాను. పెద్ద డాక్టరమ్మతో నేను మాట్లాడతాను. ఇప్పుడు నేను చేసిన తప్పుకి నన్ను కూడా వంటింటికే పంపాలి, ఆ మాటే చెబుతాను. రేపు పొద్దున ఏడింటికి రండి. బల్ల దగ్గరికి. ఆ భేష్ ఇంట్లో పెట్టి రండి."

"వస్తాను."

"ఒక్కటి మాత్రం చెప్పండి. దీన్ని ఎక్కడ చూశారు?"

"చూడలేదు నర్సమ్మా. ఇరవై నాలుగేళ్లు మా ఆవిడ నిలబడి వడ్డించింది, నేను కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని లేచాను. ఒక్క పూట కూడా చూడలేదు."